చెలికత్తె ఇల్లెక్కడ?
(భానుమతీ రామకృష్ణ స్మారకోపన్యాసం)



భానుమతి గారిని తలుచుకోగానే ఆమె పాట, ఆమె ధాటి గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పగలిగినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. మన సినిమాలో నాయికకు స్నేహితురాలంటూ ఒకరు ఉంటారు కదా, ఆ అమ్మాయి ఇల్లు ఎన్ని సినిమాల్లో చూశాం?

1939లో సి.పుల్లయ్య గారు కాళ్లకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’ నాటకాన్ని తెరకెక్కించారు. భానుమతి గారి తొలి చిత్రం అదే, వేషం కాళింది. తన కట్నం కోసం కన్నవాళ్లు ఆస్తి అమ్ముకోవడం భరించలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమలగా పుష్పవల్లి నటించారు. ఆ కమల ఏడుస్తూ కూర్చోదు. అక్కకు కుదిర్చిన వరుణ్ణే పెళ్లాడి, డబ్బిచ్చి కొన్నాం కాబట్టి అతనే మా ఇంటికి రావాలని ఎదురు తిరుగుతుంది. ఒక ఆడపిల్ల పక్షాన ఇంకో ఆడపిల్ల ఇంత గట్టిగా నిలబడడం మన తొలినాళ్ల సినిమాలోనే ఉందంటే నాకు గర్వంగా ఉంటుంది. కాని అందుకు అక్క చనిపోవలసి వచ్చింది. బతికున్న ఇద్దరు స్త్రీలు కలిసి పోరాడే కథ అప్పటికి ఎవరికీ తట్టలేదు.

‘మల్లీశ్వరి’ (1951) మీకందరికీ కంఠతా వచ్చు. రాణివాసంలో చిక్కుకున్న మల్లికి దిక్కు చెలికత్తె జలజ. ఆమె ధైర్యం చేయకపోతే మల్లి, ఆమె బావ నాగరాజు మళ్లీ కలుసుకునే దారే లేదు. పట్టుబడితే తన గతేమిటో జలజకు తెలియదా? అయినా ఆమెకు ఏం కావాలో, ఆ కోట గోడల మధ్యకు ఆమె ఎలా వచ్చిందో కథ అడగదు. దర్శకులు బి.ఎన్.రెడ్డి గారంటే నాకు ఎంత భక్తి ఉన్నా ఈ లోటు చెప్పక తప్పదు. జలజగా వేసిన టి.జి.కమలాదేవి గారు రంగస్థల నటి, గాయని. పైగా మహిళల బిలియర్డ్స్‌లో జాతీయ స్థాయిలో గెలిచిన మనిషి. అటువంటి మనిషికి తెర మీద దక్కింది కబుర్లు మోసే పని.

తెర వెనక మాత్రం వేరే కథ నడిచింది. రెండేళ్లకు భానుమతి గారు తానే దర్శకురాలై ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తీశారు. అందులో కవల ఆడపిల్లలిద్దరూ ఆమే. 1968లో సావిత్రి గారు ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు. పి.లీల గారు సంగీతం చేశారు, ముఖ్యమైన శాఖలు చాలావరకు స్త్రీలే చూసుకున్నారు. సినిమా ఆడలేదు. ఆడకపోయినా, ఆడవాళ్లు ఒకరినొకరు నమ్మి పని పంచుకున్న ఆ ప్రయత్నం మన చరిత్రలో పెద్ద అక్షరాలతో రాయదగ్గది. 1973లో విజయనిర్మల గారు యద్దనపూడి సులోచనారాణి నవలను ‘మీనా’గా తీసినప్పుడు, ఆ రచయిత్రి నవలలను చేతులు మార్చుకుని చదివిన స్త్రీలు థియేటర్లకు కదిలారు.

ఇక బాలచందర్ ‘అంతులేని కథ’ (1976). సరిత సంపాదిస్తుంది, ఇల్లంతా తింటుంది. జయప్రద గారి ముఖంలోని ఆ విసుగు మన ఇళ్లలో ఎందరో ఉద్యోగినులది. సరిత స్నేహితురాలిగా ఫటాఫట్ జయలక్ష్మి నటించారు. ఆ పిల్లకూ ఒక తల్లి ఉంది, ఒక ఇల్లుంది, సరితతో సంబంధం లేని సొంత గాయం ఉంది. నేనడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. అయితే చివరికి సరితకు విడుదల లేదు. తన పెళ్లిని చెల్లెలికి ఇచ్చేసి మళ్లీ ఆఫీసుకు బయల్దేరుతుంది. ఉద్యోగమే స్వాతంత్ర్యం కాదని ఇంత కటువుగా చెప్పిన తెలుగు సినిమా ఇంకోటి నాకు తెలియదు.

తర్వాత కాలం విజయశాంతి గారిది. ‘ప్రతిఘటన’ (1985), ‘కర్తవ్యం’ (1990) హాళ్లను ఊపేశాయి, రెండోది ఆమెకు జాతీయ అవార్డు తెచ్చింది. ఆ కోపం న్యాయమైనది. కాని ఆ నాయికలు ఒంటరి యోధులు. పోరాటం అయ్యాక ఎవరింటికి వెళ్లి ఒక కప్పు టీ తాగుతారో మనకు చూపలేదు.

‘ఆనంద్’ (2004)లో శేఖర్ కమ్ముల ఆ వెలితి కొంత పూడ్చారు. చనిపోయిన తల్లి చీర దగ్గర మొదలైన మాట పట్టింపుతో రూప తన పెళ్లి తానే వద్దనుకుంటుంది. ఆ తర్వాతా ఉద్యోగం చేసుకుంటూ తన ఇంట్లోనే బతుకుతుంది. పక్కన అనిత ఉంటుంది. సత్యకృష్ణన్ ఆ పాత్రను ఎంత మామూలుగా చేశారంటే, అలాంటి స్నేహితురాలు మనకూ ఉన్నట్టే అనిపిస్తుంది. 2022లో ‘శాకిని డాకిని’ ఇద్దరు పోలీసు శిక్షణార్థినులను జంట నాయికలుగా నిలబెట్టింది. దానికి మూలమైన కొరియా చిత్రంలో ఆ ఇద్దరూ మగవాళ్లు. మగ స్నేహాల కథలు మనకు కొల్లలుగా ఉన్నాయి, ఆడ స్నేహానికి మాత్రం అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక్కడున్న పిల్లల్లో కథలు రాసేవాళ్లు ఉన్నారని విన్నాను. అమ్మా, మీ నాయిక పక్కన స్నేహితురాలిని పెట్టినప్పుడు ఆమెకో ఊరివ్వండి, ఒక జీతం, కట్టవలసిన ఒక అద్దె ఇవ్వండి. నాయకుడి పేరెత్తకుండా ఆ ఇద్దరినీ ఒక పూట మాట్లాడుకోనివ్వండి. నిర్మాత ఆ సీను తీసేయమంటే ఒప్పుకోకండి.