మాట్లాడుకొనే వాహనాలు - పౌరులు అడగవలసిన ప్రశ్నలు



వాహనం మరొక వాహనంతోను, కూడలిలోని సిగ్నలు స్తంభంతోను రేడియో తరంగాల ద్వారా సంభాషించే పరిజ్ఞానం నేడు నగరాల వాకిట నిలిచింది. ముందున్న బస్సు హఠాత్తుగా ఆగితే ఆ వార్త వెనుక వాహనానికి రెప్పపాటులో అందుతుంది. దీనివల్ల ప్రాణాలు నిలుస్తాయన్న ఆశ సహేతుకమే. అయితే స్తంభాలకు అమర్చే పరికరాలను కొనేది ప్రజాధనంతో.

ఈ విషయంలో అమెరికా అనుభవం గమనింపదగినది. 1999లో అక్కడి సమాచార ప్రసార నియంత్రణ సంస్థ రహదారి భద్రత కోసం 75 మెగాహెర్ట్జ్‌ల తరంగ పరిధిని కేటాయించింది. ఆ భరోసాతో పలు రహదారి శాఖలు డీఎస్సార్సీ అనే పద్ధతికి చెందిన పరికరాలను కొన్నాయి. 2015లో న్యూయార్క్, టాంపా నగరాలు, వ్యోమింగ్ రాష్ట్రం ప్రయోగానికి ఎంపికయ్యాయి. కాని కార్ల తయారీదారులు ఆ రేడియోలను విరివిగా అమర్చలేదు. స్తంభం పలికినా వినే వాహనాలు కొద్దిపాటివే. 2020 నవంబరులో అదే సంస్థ 45 మెగాహెర్ట్జ్‌లను వైఫై వంటి సేవలకు మళ్ళించి, తక్కిన 30ని సెల్యులార్ వీటూఎక్స్ అనే వేరొక పద్ధతికి నిర్ణయించింది. పాత పరికరాలకు కాలం చెల్లింది. చెడినది యంత్రం కాదు, దాని వెనుకనున్న ప్రమాణం.

అందుచేత ఏ పురపాలక సంస్థ టెండరు పిలిచినా కొన్ని ప్రశ్నలకు సమాధానం ఉండాలి. ప్రమాణం మారితే మార్పిడి ఖర్చు ఎవరిది? ఒక కంపెనీ పరికరం మరొక కంపెనీ పరికరంతో మాట్లాడగలదా? విద్యుత్తు, మరమ్మతుల భారం ఎన్నేళ్ళు, ఎవరిపై? వాహనం ఎక్కడ తిరిగిందన్న సమాచారం ఎవరి చేతిలో ఉంటుంది? న్యూయార్క్ ప్రయోగంలో వ్యక్తులను గుర్తించే వీలు లేకుండా సమయ, స్థల వివరాలను మరుగుపరచారు.

అన్నింటికన్న ముఖ్యమైనది, రేడియో లేని మనిషి సంగతి. తెల్లవారకముందే పనికి నడిచిపోయే భవన నిర్మాణ కార్మికుడు, ద్విచక్ర వాహనంపై సరుకు చేరవేసే యువకుడు ఈ సంభాషణలో ఎక్కడ ఉన్నారు? నాగపూర్ మరొక దారి చూపింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా 2021లో ఆరంభమైన ఐరాస్తే పథకంలో, నగరపాలక బస్సులకు ముందున్న ముప్పును పసిగట్టి డ్రైవరును హెచ్చరించే పరికరాలు అమర్చారు. ఎదుటివారి వద్ద ఏ పరికరమూ లేకపోయినా ఇవి పనిచేస్తాయి. ఏ చోట హెచ్చరికలు తరచుగా వస్తున్నాయో తెలిస్తే ఆ చోట రోడ్డునే సరిదిద్దవచ్చు.

టెండరు, ఒప్పంద పత్రాల కోసం సమాచార హక్కు చట్టం, 2005 కింద పౌరులెవరైనా దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. వ్రాయలేనివారు నోటితో చెబితే దానిని వ్రాతలో పెట్టడానికి తోడ్పడడం ఆ అధికారి విధి. ఊరు వదలి వచ్చినవారికి సైతం ఈ నగరపు రహదారిపై సమాన హక్కు ఉన్నది. కొన్న తరువాత విచారించడం కన్న, కొనక మునుపే ప్రశ్నించడం మేలు.