మూఢనమ్మకం: మాట, వాడుక



నాకిచ్చిన అంశం 'మూఢనమ్మకం'. ఫైళ్లలో మాటలు వెదకడమే ఉద్యోగంగా బతికిన గుమాస్తాను గనుక మాటతోనే మొదలుపెడతాను. 'మూఢ' సంస్కృతం, 'నమ్మకం' తెలుగు. 'ముహ్' అనే ధాతువు నుంచి మూఢం పుట్టింది. మోహం దాని తోబుట్టువే. మూఢుడంటే అసలు అర్థంలో దిక్కుతోచక భ్రమపడినవాడు. గురుడో శుక్రుడో సూర్యుడికి చేరువై కనబడని రోజులను పంచాంగం 'మూఢం' అంటుంది, పెళ్లిళ్లు ఆపుతుంది. గ్రహం ఎక్కడికీ పోదు, వెలుగులో మనకు కనబడదంతే.

ఇక వాడుక. మా వేములఘాట్ పెద్దల నోట ఈ మాట నేను వినలేదు. 'పట్టింపు' అనేవారు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో రాహుకాలం దాటితేగాని సంతకం పెట్టని అధికారి, పల్లె జనానికి మూఢనమ్మకాలు జాస్తి అని నోటు రాయించారు. ఎదుటివాడిదైతే మూఢనమ్మకం, మనదైతే ఆచారం!

అలాగని ఆ మాటను కొట్టిపారేయలేం. మన పాత మెదక్ జిల్లాలో బాణామతి పేర జరిగిన ఘోరాలు మీలో చాలామందికి తెలుసు. దిక్కులేని ముసలమ్మనో, బీదవాణ్నో పట్టుకుని చెట్టుకు కట్టి కొట్టారు. పళ్లు లేకుంటే మంత్రం పలకదని పళ్లూడగొట్టారు. ప్రాణాలూ తీశారు. 1980లలో విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఊళ్లకు వచ్చి, దాని వెనుక ఉన్నవి జబ్బు, భయం, పగ అని విడమరచి చెప్పారు. అక్కడ 'పట్టింపు' అనే మెత్తని మాట చాలదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇందుకు ప్రత్యేక చట్టాలే చేశాయి. మహారాష్ట్ర చట్టం కోసం ఏళ్లతరబడి పోరాడిన దాభోల్కర్ గారిని 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు.

మరి బొడ్రాయి సంగతి? మల్లన్నసాగర్ కింద 2021లో మా ఊరు ఖాళీ అయింది. "బొడ్రాయిని, పెద్దల సమాధులను ఇడిసిపెట్టి ఎట్ల పోతం బిడ్డా" అని ఏడ్చిన ఆడవాళ్లను చూసి ఒకాయన "మూఢనమ్మకం" అన్నారు. ఆ రాయి ఎవరి పళ్లూ ఊడగొట్టలేదు. ఆ మాట అక్కడ అనరాదని నా అభిప్రాయం.

చివరిగా ఒక మనవి. మీ ఇళ్లలో గాని, ఇరుగుపొరుగున గాని ఎవరికైనా మూర్ఛ వస్తే సర్కారు దవాఖానకు తీసుకుపోండి. భూతవైద్యుడి కోడికీ సారాకూ అయ్యే పైకం ఆటో కిరాయికి సరిపోతుంది.

సెలవు.