ఆదివారపు సువార్త – సోమవారపు బ్రదుకు

(సంఘ సభ్యుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక ఉత్సవములలో సంఘ సభ్యుల పక్షమున మాటలాడుమని మమ్మును కోరినారు. మేము ప్రసంగ వేదిక ఎక్కువారము కాము. దాని యెదుట బల్లలమీదను చాపలమీదను కూర్చుండి వినువారము. అయినను ప్రసంగము చెప్పువారి ఒక్కరి పని కాదు, వినువారి పని కూడను. కాబట్టి లూథరన్ సంఘములో ఆదివారము చదువబడు సువార్త పాఠము మన సోమవారపు బ్రదుకును ఎక్కడ తాకవలెనో, వినువారి వైపునుండి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు, లూథరుగారితోనే వచ్చినది. ఆయన గొప్ప పండితుడు, విశ్వవిద్యాలయములో బోధకుడు. అయినను విట్టెన్‌బెర్గ్ పట్టణ దేవాలయములో ఏండ్ల తరబడి సామాన్య జనులకు ప్రసంగించెను. ఆయన ప్రసంగములు సుమారు 2,000 నేటికిని నిలిచియున్నవి. వార్ట్‌బర్గ్ కోటలో దాగియున్న దినములలో క్రొత్త నిబంధనను సుమారు 11 వారములలో జర్మను భాషలోనికి అనువదించెను. అది 1522 సెప్టెంబరులో అచ్చయ్యెను. అనువాదమును గూర్చి 1530లో వ్రాసిన లేఖలో, భాష నేర్చుకొనుటకు ఇంటిలోని తల్లిని, వీధిలోని పిల్లలను, సంతలోని మనుష్యుని అడుగవలెనని చెప్పెను. తన యెదుట పండితులు కూర్చున్నను వారిని ఎంచక, పనివారిని, పిల్లలను చూచి ప్రసంగించెదనని కూడ ఆయన అనుచుండెడివాడు.

1526లో ఆయన వ్రాసిన జర్మను ఆరాధన క్రమములో ఆదివారపు ప్రధాన ఆరాధనకు సువార్త పాఠముపైన ప్రసంగము, బుధవారము మత్తయి సువార్త, శనివారము యోహాను సువార్త ఏర్పరచబడెను. 1528లో సాక్సనీ గ్రామ సంఘములను దర్శించినపుడు జనులకు ప్రభువు ప్రార్థన సహితము సరిగా రాదని చూచి దుఃఖించి, 1529లో చిన్న ప్రశ్నోత్తరిని వ్రాసెను. అందులో అనుదినాహారమును గూర్చిన విన్నపమునకు ఆయన చెప్పిన అర్థము మనలో అనేకులు కన్ఫర్మేషన్ తరగతులలో కంఠస్థము చేసినదే. ఆహారమనగా అన్నము మాత్రమే కాదు. బట్ట, ఇల్లు, పొలము, పశువులు, డబ్బు, మంచి పాలకులు, మంచి వాతావరణము, నమ్మకమైన స్నేహితులు, పొరుగువారు, ఇవన్నియు అందులో చేరినవే. అనగా వంటిల్లు, పొలము, బజారు, కచేరీ దేవుని మాటకు వెలుపల లేవు.

మన తెలుగు సంఘముల చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 18వ శతాబ్దములోనే బెంజమిన్ షుల్జ్ అను లూథరన్ మిషనరీ బైబిలును తెలుగులోనికి అనువదించెను గాని అది అచ్చు కాలేదు. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్‌గారు గుంటూరు చేరిరి. 1849లో పల్నాటి గురజాలకు పోయి అక్కడ నివసించి పని చేసిరి. రాతినేల, ముండ్లకంప అనగా ఏమియో పల్నాటి రైతుకు ఎవరును వివరింపనక్కరలేదు. విత్తువాని ఉపమానము అతని కాలిక్రింద ఉన్నది. పగలు పిల్లలకు అక్షరములు నేర్పి, కూలివారు పొలమునుండి వచ్చిన తరువాత లాంతరు వెలుగులో వాక్యము చెప్పిన గ్రామోపాధ్యాయులును, ఇంటింటికి తిరిగి గడపలో కూర్చుండి మాటలాడిన బైబిలు స్త్రీలును ఆ విధముగానే సువార్తను మన ఇండ్లలోనికి తెచ్చిరి.

అయితే ప్రియులారా, సువార్తను బ్రదుకుతో కలుపుట తేలికయని అనుకొనరాదు. రెండు విధములుగా ఆ ముడి తెగిపోవును.

మొదటిది, ప్రసంగము పాలస్తీనాలోనే ఆగిపోవుట. దేనారము విలువ ఎంత, పరిసయ్యుల ఆచారములేవి, యొర్దాను ఎక్కడ పుట్టును, ఇవన్నియు విందుము. అవి తెలిసికొనవలసినవే. కాని ఆమేన్ చెప్పు వేళకు ప్రభువు ఇంకను ఆ దేశములోనే ఉన్నాడు, మనము ఈ దేశములోనే ఉన్నాము.

రెండవది ఇంకను అపాయకరమైనది. పాఠము ఒక కొయ్యగా మారును. దానికి మన తప్పులన్నియు తగిలింపబడును. ప్రార్థన చాలదు, కానుక చాలదు, పిల్లల పెంపకము బాగుగా లేదు, టీవీ, సెల్‌ఫోను ఎక్కువైనవి. ఇందులో బ్రదుకు ఉన్నది గాని సువార్త లేదు. వారమంతయు మేస్త్రీ చేత, అప్పులవాని చేత, పై అధికారి చేత మాటలు పడి వచ్చిన మనిషి గుడిలో కూడ మాటలే పడి, ఇంకొక మూట నెత్తిన పెట్టుకొని ఇంటికి పోవును.

ఇక్కడనే లూథరన్ బోధ మనకు దారి చూపును. ధర్మశాస్త్రమును దేవుని మాటయే, సువార్తయు దేవుని మాటయే. ఒకటి మన స్థితిని బయలుపరచును. రెండవది క్రీస్తు మనకొరకు చేసినదానిని మన చేతిలో పెట్టును. బ్రదుకును ధర్మశాస్త్రముతో మాత్రమే ముడిపెట్టి, సువార్తను పరలోకమునకు విడిచిపెట్టినయెడల ప్రసంగము సగమే అయినది. సువార్త మన బ్రదుకును తాకవలసిన చోటు మన చేతకానిచోటే. ఈ సాయంకాలము మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఒక పాఠమును తీసికొని చూతము. మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కూలివారి ఉపమానము. పాత ఒక సంవత్సరపు పట్టికలో ఇది శ్రమకాలమునకు ముందు వచ్చును. 1992లో వెలువడిన ఉమ్మడి పాఠముల పట్టిక ననుసరించు సంఘములలో మత్తయి సంవత్సరమున సెప్టెంబరు నెలలో వచ్చును. ఇట్టి పట్టిక వలన ఒక మేలు కలదు. ప్రసంగీకుడు తనకిష్టమైన పాఠమును ఏరుకొనడు, మనకు కష్టమైన పాఠమును తప్పించుకొనము.

మన పట్టణములలో తెల్లవారకముందే కూడలియొద్దకు పోయి చూడుడి. దానిని అడ్డా అందురు. టిఫిను క్యారియరు, పార, తాపీ పట్టుకొని స్త్రీలు పురుషులు నిలిచియుందురు. మేస్త్రీ వచ్చి బలముగల పడుచువారిని ముందు తీసికొనిపోవును. ఎండ ఎక్కువేళకు మిగులువారెవరు? ముసలివారు, చంకలో బిడ్డగల తల్లి, కాలు సరిగా లేనివాడు. ఉపమానములో సాయంకాలము అయిదు గంటలకు యజమానుడు వచ్చి, ఏల ఊరక నిలిచియున్నారని అడుగును. తమ్మునెవరును పిలువలేదని వారు జవాబిత్తురు. వీరిని సోమరులని, ఆలస్యముగా మారుమనస్సు పొందినవారని చెప్పు ప్రసంగములు కలవు. కాని అడ్డామీద నిలిచినవారికి తెలియును, నిలుచుట సోమరితనము కాదు. పిలుపు రాని దినమున నిలుచుటే పనికంటె కష్టము.

దేనారమనగా ఒక దినపు కూలి, ఒక కుటుంబపు ఒక దినపు తిండి. గంటలు లెక్కపెట్టి అందులో పండ్రెండవ వంతు ఇచ్చినయెడల ఆ రాత్రి పిల్లలు పస్తుండవలెను. యజమానుడు గంటలను చూడలేదు, వారి అక్కరను చూచెను. దేవుడు మనకు ఇట్లే ఇచ్చుననుటయే ఇక్కడి సువార్త. మన కూలి మన గంటల లెక్కను బట్టి కాదు, ఆయన మంచితనమును బట్టి. ఎవరును పిలువని మనిషిని ఆయన సాయంకాలమున కూడ వెదకి వచ్చి పిలుచును. ఈ మాట విన్న కూలివాడు తాను మిగిలిపోయినవాడను కాననియు, పిలువబడినవాడననియు ఎరిగి ఇంటికి పోవును.

ఉదయమునుండి పని చేసి సణిగినవారి సంగతి ఏమి? శతవార్షికము జరుపుకొనుచున్న మనము ఆ వరుసలోనే నిలిచియున్నాము. మా తాతగారు ఈ గుడికి రాళ్లు మోసిరి, మా నాయనగారు పెద్దగా ఉండిరి, ఈ బల్ల మాది అని చెప్పుకొనుట మనకు అలవాటు. నిరుడు బాప్తిస్మము పొంది వెనుక చాపమీద కూర్చున్న సహోదరికి ప్రభువు బల్లయొద్ద ఇయ్యబడు రొట్టె మనకిచ్చినదానికంటె చిన్నది కాదు. నూరేండ్లు ఎండలో పని చేసినందుకు మనకు రెండు రొట్టెలు లేవు. ఇది వినుటకు మనకు చేదుగా ఉండవచ్చును. కాని ఆ మంచితనము వలననే మన తాతలును లోపలికి వచ్చిరని మరువరాదు.

ఇక సోమవారము. ఇంత ఉచితముగా పొందినవారము మన ఇంట పనిచేయు ఆమె జీతమును నెలాఖరువరకు బిగపట్టవచ్చునా? మనలో మేస్త్రీలున్నారు, రైతులున్నారు. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చెప్పుచున్నది. ఇది దేవునియొద్ద పుణ్యము సంపాదించుటకు కాదు. దేవునికి మన క్రియలు అక్కరలేదు, మన పొరుగువానికి అక్కర కలదు. బేత్లెహేములో ఉండినయెడల ఆ పసిబిడ్డకు మేమే సేవ చేసియుందుమని చెప్పుకొనువారికి, క్రీస్తు మీ పొరుగువానిలో ఉన్నాడు, ఇప్పుడే చేయుడని లూథరుగారు క్రిస్మసు ప్రసంగములో బుద్ధి చెప్పెను.

మరియొక పాఠము, మార్కు 4వ అధ్యాయము. విత్తిన మనిషి నిద్రించుచు లేచుచుండగా, ఎట్లో అతనికే తెలియకుండ విత్తనము పెరుగును. మిరపకు, పత్తికి అప్పుచేసి పెట్టుబడి పెట్టిన రైతుకు నిద్ర ఎక్కడిది? డ్వాక్రా సంఘపు కిస్తీ కట్టవలసిన తల్లికి నిద్ర ఎక్కడిది? విశ్వాసముంచినయెడల పంట బాగుగా పండును, యార్డులో ధర పలుకును అని వేదికమీదనుండి వాగ్దానము చేయుట సువార్త కాదు. అప్పు భారముతో ప్రాణము తీసికొన్న రైతు ఇంటికి ఆదరణ ప్రార్థనకు పోయినపుడు ఆ వాగ్దానము మన నోటనే ఎండిపోవును. అదే అధ్యాయము చివర తుపాను కలదు. శిష్యులకు తుపాను తప్పలేదు గాని, ప్రభువు అదే దోనెలో ఉండెను. మనిషి విలువ దిగుబడిలోను ధరలోను లేదని, అతడు మునుగుచున్నపుడు ప్రభువు ఒడ్డున నిలువలేదని చెప్పగలము. ఆ దోనెలోనికి సంఘమును ఎక్కవలెను. అప్పును గూర్చి సిగ్గులేకుండ మాటలాడుకొనదగిన చోటు సంఘములో ఉండవలెను.

కాబట్టి వినువారమైన మనము చేయవలసిన పనులు మూడు కలవు. మొదట, శనివారపు రాత్రి ఇంటిల్లిపాది మరునాటి సువార్త పాఠమును చదువుకొనవలెను. రెండవది, అయ్యగారు ఇంటికి వచ్చినపుడు కాఫీ ఇచ్చి పంపుట చాలదు, మన వారము ఎట్లు గడిచెనో దాచకుండ చెప్పవలెను. మనము చెప్పనిది ఆయన ఎట్లు ఎరుగును? మూడవది, ప్రసంగము బాగున్నదా అని అడుగుట మాని, క్రీస్తు ఈ దినము మనకేమి ఇచ్చెను, దానిని ఎవరియొద్దకు తీసికొనిపోవలెను అని అడుగవలెను.

అయ్యగార్లకు మా విన్నపము ఒక్కటే. అడ్డాకు, యార్డుకు, పరీక్ష తప్పిన పిల్లవాని ఇంటికి మాతో కూడ రండి. మా దుఃఖములను పేర్లతో వేదికమీద చెప్పకుడి గాని, వాటిని ఎరిగి మాటలాడుడి. మమ్మును గద్దింపవలసినచోట గద్దింపుడి. క్రీస్తును మా చేతిలో పెట్టకుండ మాత్రము ఆమేన్ చెప్పకుడి.

1546 ఫిబ్రవరిలో, మరణమునకు కొద్ది దినముల ముందు, లూథరుగారు తాను పుట్టిన ఐస్లెబెన్ పట్టణములో చివరి ప్రసంగము చేసెను. ఆయన తీసికొనిన పాఠము మత్తయి 11వ అధ్యాయపు చివరి భాగము, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలుచు భాగము. శరీరము బలహీనమై ప్రసంగమును అక్కడితో ముగించెను. ఆ పిలుపు మన సంఘములలో రాబోవు నూరేండ్లును వినబడును గాక. దానిని ముందుగా అడ్డామీద మిగిలిపోయినవారు విందురు గాక. ఆమేన్.