పాట నేర్చుకుంటే చదువు పెరుగుతుందా?



నాంపల్లి స్టేషన్ బయట ఒక తల్లి అరటిపండ్ల బండి పెట్టుకుందనుకుందాం. ఆమె కూతురు సర్కారు బడిలో ఏడో తరగతి చదువుతోంది. "అమ్మా, నేను పాట నేర్చుకుంటా" అని పిల్ల అడిగింది. తల్లికి సందేహం వచ్చింది. "పాట పాడితే లెక్కలొస్తాయా బిడ్డా? ఆ గంట ట్యూషన్‌కు పోతే నాలుగు మార్కులన్నా వస్తాయి గదా!"

తల్లి అడిగినదాంట్లో తప్పు లేదు. కష్టపడి సంపాదించిన డబ్బు అది. పిల్ల చదువు పాడైతే మళ్లీ ఆ కాలం తిరిగి రాదు. కాబట్టి ఈ ప్రశ్నకు నిజమైన జవాబు కావాలి. పొగడ్తలు వద్దు, వట్టి మాటలు వద్దు.

ముందు మన సంగతే చూద్దాం. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990లో భారత జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. కళాకారులు డప్పు కొట్టారు, పాట పాడారు, నాటకం ఆడారు. చదువు రాని పెద్దవాళ్లు పలక పట్టుకోవడానికి సిగ్గుపడేవారు. పాట విని ఇంట్లోంచి బయటికి వచ్చారు. ఉపన్యాసం పిలిస్తే రాని జనం పాట పిలిస్తే వచ్చారు. అంటే పాటకూ చదువుకూ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం ఎంతవరకు అన్నదే తేలాలి.

పాటలో లెక్క ఉందా?

ఉంది. చేతులతో చేసి చూడండి. సంగీతం నేర్చుకునే పిల్లలు మొదట ఆది తాళం వేస్తారు. ఒక దెబ్బ వేసి మూడు వేళ్లు లెక్కపెడతారు. అది 4. తర్వాత ఒక దెబ్బ, ఒక విసురు. అది 2. మళ్లీ ఒక దెబ్బ, ఒక విసురు. అది ఇంకో 2. మొత్తం 8.

ఇప్పుడు ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం పాడితే 8 స్వరాలు. ఇది మొదటి కాలం. దెబ్బకు రెండు పాడితే 16. ఇది రెండో కాలం. దెబ్బకు నాలుగు పాడితే 32. ఇది మూడో కాలం. చేయి మాత్రం అదే వేగంతో నడవాలి. గొంతు మాత్రమే రెట్టింపు కావాలి. సగం, పావు అంటే ఏమిటో పిల్లకు పలక మీద రాయకముందే చేతికి తెలుస్తుంది.

బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి. పాతికమంది ఆడవాళ్లు ఒకే చప్పట్లు కొడతారు. ఒక్కరు తప్పితే అందరికీ తెలిసిపోతుంది. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవాలీ పాడేవాళ్లూ అంతే. ఒకరు పాడితే మిగతావాళ్లు విని, సరిగ్గా సమయానికి అందుకుంటారు. వినడం, గుర్తుపెట్టుకోవడం, తన వంతు కోసం ఆగడం. ఈ మూడూ బడిలో కూడా కావాలి.

పరీక్షించిన వాళ్లు ఏమన్నారు?

ఈ విషయం మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి.

1993లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన అచ్చయింది. కాలేజీ పిల్లలకు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం వినిపించారు. తర్వాత ఒక పరీక్షలో వాళ్లు కొంచెం మెరుగ్గా చేశారు. ఆ లాభం కొద్ది నిమిషాలే నిలిచింది. లోకం మాత్రం దాన్ని పెద్దది చేసింది. సంగీతం వింటే పసిపిల్లలకు తెలివి పెరుగుతుందని క్యాసెట్లు, సీడీలు అమ్ముకున్నారు. అది వ్యాపారం. అటువంటివాటికి డబ్బు పోయకండి.

2004లో కెనడాలోని టొరంటోలో ఆరేళ్ల పిల్లలు 144 మందిని తీసుకున్నారు. కొందరికి సంగీతం, కొందరికి నాటకం నేర్పారు. కొందరికి ఆ ఏడాది ఏదీ నేర్పలేదు. ఏడాది బడి తర్వాత అందరికీ తెలివి పరీక్షలో అంకెలు పెరిగాయి. సంగీతం నేర్చినవాళ్లకు సగటున 7 పెరిగితే, మిగతావాళ్లకు 4 చిల్లర పెరిగింది. తేడా ఉంది, కాని చిన్నది. నాటకం నేర్చిన పిల్లలు నలుగురితో మెలగడంలో మెరుగుపడ్డారు.

2014లో అమెరికాలో ఇంకో సంగతి తేలింది. లాస్ ఏంజిల్స్ నగరంలో బీద బస్తీల పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే పథకం ఒకటి ఉంది. ఆ పిల్లల మెదడు "బ" శబ్దాన్నీ "గ" శబ్దాన్నీ ఎంత స్పష్టంగా వేరుచేస్తుందో యంత్రాలతో కొలిచారు. ఏడాది నేర్చినా మార్పు కనిపించలేదు. రెండేళ్లు నేర్చాక కనిపించింది. చదవడం వచ్చేది శబ్దాలను వేరుచేయడంతోనే. "కల" వేరు, "కాల" వేరు అని చెవికి తెలిస్తేనే కంటికి తెలుస్తుంది. మీరు అక్షరాలు దిద్దినప్పుడు ఈ కష్టం మీకు తెలిసిందే.

2019లో కెనడాలోనే మరో రాష్ట్రంలో లక్షా 12 వేలకు పైగా సర్కారు బడుల పిల్లల మార్కులు చూశారు. సంగీతం తీసుకున్నవాళ్లకు లెక్కల్లో, సైన్సులో, ఇంగ్లీషులో సగటున ఎక్కువ మార్కులు వచ్చాయి.

మరి తేలిపోయినట్టేనా? కాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సంగీతం వల్ల మార్కులు వచ్చాయా? లేక బాగా చదివే పిల్లలే సంగీతానికీ వెళ్లారా? కోడి కూసిందని తెల్లవారదు గదా! 2020లో ఇద్దరు పరిశోధకులు 54 పరిశోధనలను, దాదాపు 7 వేల మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. పిల్లల్ని చీటీలు వేసినట్టు విడదీసి, పోల్చడానికి రెండో గుంపుకు ఇంకో పని నేర్పి, జాగ్రత్తగా చేసిన చోట లాభం దాదాపు కనిపించలేదని చెప్పారు. ఇంకొందరు పరిశోధకులు దీన్ని ఒప్పుకోలేదు. వాదన నడుస్తూనే ఉంది.

అందువల్ల తల్లికి చెప్పవలసిన మాట ఇది. పాట నేర్చుకుంటే లెక్కల మార్కులు వాటంతట అవే పెరగవు. లెక్కలు రావాలంటే లెక్కలు చేయాలి. అయితే రోజూ కాసేపు సాధన చేయడం వల్ల పిల్ల చదువు చెడిపోదు. పెద్ద పెద్ద లెక్కలు తీసినా సంగీతం చదువును దెబ్బతీసినట్టు కనిపించలేదు.

ఇంకో మాట. పాట విలువ మార్కుల్లోనే ఉందా? ఘంటసాల పేదరికంలో విజయనగరం వెళ్లి సంగీతం చదివాడు. అన్నం కోసం ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టి ఉండకపోతే ఆ గొంతు మనకు దక్కేదా? డబ్బున్నవాళ్ల పిల్లలు ఇంటికి పంతులును పిలిపించుకుంటారు. బండి మీద పండ్లమ్మే తల్లి పిల్లకు సర్కారు నేర్పితేనే సంగీతం.

మన దగ్గర ఏమున్నాయి?

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతంలో వెతకాల్సిన పని లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. 5 నుంచి 16 ఏళ్ల పిల్లలకు తక్కువ ఫీజుతో పాట, ఆట, బొమ్మలు నేర్పడానికి పెట్టినది అది. ఆబిడ్స్ నుంచి కాస్త నడిస్తే రాంకోఠిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అది 1952లో మొదలైంది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూడా పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఏళ్ల తరబడి సంగీతం, నృత్యం చెప్పింది. ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ 2025లో తెలంగాణ శాసనసభ బిల్లు ఆమోదించింది. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో ఆలియా, మహబూబియా వంటి పాత సర్కారు బడులున్నాయి. బడులు ఇక్కడే, సంగీతం నేర్పే చోట్లూ ఇక్కడే. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు మాత్రమే.

చట్టం ఏమంటుంది?

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 6 నుంచి 8 తరగతులున్న బడిలో వందమందికి మించి పిల్లలుంటే కళలు నేర్పడానికి పార్ట్ టైమ్ టీచరు ఉండాలని అందులో రాశారు. సంగీతం కూడా కళే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక పదో తరగతి దాకా కళలను తప్పనిసరి చేయాలంది. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ చదువుకూ మధ్య గోడ వద్దంది.

అదే చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. అంటే ఆ అరటిపండ్ల తల్లి కూడా ఆ కమిటీలో కూర్చోవచ్చు. లేచి నిలబడి, "మా బడిలో పాట నేర్పే టీచరు ఎక్కడ?" అని అడగవచ్చు. అర్జీ తానే రాసి, కింద తన సంతకం తానే పెట్టవచ్చు. అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే గదా!

ఆలోచించండి. నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.

1. మీ పిల్లల బడిలో వారానికి ఎన్ని గంటలు పాట నేర్పుతున్నారు?
2. కళల టీచరు ఉన్నారా? లేకపోతే ఎవరిని అడగాలి?
3. మీ అమ్మ పాడిన పాట ఏదైనా మీ పిల్లలకు వచ్చా?

మూడో ప్రశ్నకు "రాదు" అని జవాబు వస్తే దిగులుపడకండి. ఇవాళ రాత్రే మొదలుపెట్టండి. దానికి ఫీజు లేదు.