పులికాటు దారిలో సైకిలు యాత్ర



సైకిళ్ళపై పులికాటు సరస్సు చూడబోవు మన మంసాపురపు యువకులకు ఒక విన్నపము. ఆంధ్ర, తమిళ రాష్ట్రములు రెంటను వ్యాపించిన ఆ సరస్సు రెండు భాషలతో బ్రతుకు మనకు ఆత్మీయము. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రహదారి దాని మీదుగనే సాగును. శీతకాలమున ఆ దారినుండియే ఫ్లెమింగో పక్షులను చూడవచ్చును.

అవి తల క్రిందుగా వంచి, బురదనీటిని ముక్కుతో వడగట్టి ఆహారము గ్రహించును. సాహసమునకై చక్రములను ఆ బురదలోనికి దింపినచో పక్షులు మేత విడిచి యెగిరిపోవును. అణగిన నేలలో చిరుజీవులు నశించును.

మన చెరువుగట్లకును ఇదే న్యాయము. వానకు నానిన గట్టుపై చక్రపుచాలు నీటికి త్రోవ యగును. కోత పెరిగినచో గట్టు తెగును, పంట పోవును.

కావున కట్టిన బాట విడువవలదని మేము కోరుచున్నాము. క్షేమముగ వెళ్ళి రండు.