తేటనీరు వేరు, మంచినీరు వేరు

(సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మారా యొద్ద మోషే ఒక చెట్టును చేదునీటిలో వేయగా ఆ నీరు మధురమైన సంగతి మనకందరికీ తెలిసినదే. అది దేవుని కార్యము. మన పెరటి చెట్లు మన బావినీటికి ఎంతవరకు మేలు చేయగలవో, ఎక్కడ చేయలేవో చెప్పడమే ఈ సాయంకాలము నా ఉద్దేశ్యము.

వానాకాలములో మా బావినీరు ఎర్రబారేది. మా నాయనమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేది. తెల్లవారేసరికి మన్ను అడుగున పేరుకొని, పైనీరు అద్దములా ఉండేది. మునగగింజ కూడ ఇదే పని చేస్తుంది. దానిలోని మాంసకృత్తులకు ధనావేశము, మట్టిరేణువులకు ఋణావేశము ఉండుటచేత రెండూ పెనవేసుకొని, బరువెక్కి దిగిపోతాయి. ఎండిన గింజల పొట్టు తీసి, మెత్తగా దంచి, కొంచెము నీటిలో కలిపి, గుడ్డతో వడకట్టి బిందెలో పోయాలి. నెమ్మదిగా కలియబెట్టి, రెండు గంటలు కదపకుండా ఉంచాలి. పైతేటను వంచుకొని తప్పక మరగకాచాలి. సూక్ష్మజీవులన్నీ మట్టితో దిగిపోవు.

అయితే, ఆ అద్దమువంటి నీరు త్రాగి పెరిగిన మా పెద్దన్నయ్య పళ్ళమీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. నీటిని ఎవరూ అనుమానించలేదు. 1937లోనే షార్టు అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయినవారిని పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే కారణమని వెల్లడించారు. నల్లగొండ పల్లెల బాధ కూడ ఇదే. రాళ్ళలోనుండి నీటిలో కరిగే ఈ ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. ఇంటిలో అరగదీసే చిల్లగింజను నమ్మి దానిని వదిలించుకోలేము. మరగకాస్తే నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. చింతపిక్కలతో దానిని పట్టే ప్రయోగాలు ప్రయోగశాలలలో జరిగాయి గాని, ఇంటి కుండకు అవి ఇంకా ఆధారము కావు. పటిక, సున్నము కొలతప్రకారము కలిపే నల్లగొండ పద్ధతి ఉన్నది. దానికైనా ముందు నీటి పరీక్ష కావాలి.

లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదని మన దేశపు ప్రమాణము. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు. పళ్ళు ఏర్పడుచున్న చిన్నపిల్లలకే ముప్పు ముందు వస్తుంది.

చిల్లగింజను పారవేయమని నేను అనడము లేదు. మన్ను దించడము దాని పని, అది చేయించుకొందాము. పరీక్ష మన పని. మన మందిరపు బావితోనే దానిని మొదలుపెడదామా?