పైడి జైరాజ్: బొంబాయి దారి పట్టిన కరీంనగర్ హీరో

1909లో కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్న పైడి జైరాజ్ హిందీ తెర మీద హీరోగా వెలిగారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనదే. అంతటి నటుడు తెలుగు తెరను కాదనుకున్నారని కొందరి నిష్ఠూరం. అది నిలిచే మాట కాదు. ఆయన 1929 ప్రాంతంలో బొంబాయి చేరేనాటికి తెలుగు టాకీ పుట్టనే లేదు. పైగా మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డి తీసింది కూడా బొంబాయిలోనే! ఆయన మొదలుపెట్టింది మూకీలతో; మూకీకి భాషతో పనేముంది? నిండైన విగ్రహం, చూపులో తీక్షణత చాలు. అవి ఆయనకు పుష్కలం.

తర్వాతైనా రావచ్చు కదా అంటారా? అప్పటికి మన సినిమాకు కేంద్రం మద్రాసు; హైదరాబాద్ అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలిసింది 1950ల్లో. ఈలోగా మాటల సినిమా వచ్చింది, నిజాం రాజ్యంలో చదువుకున్నవాడికి ఉర్దూ కొత్త కాదు. 1946 నాటి ‘షాజహాన్’, 1956 నాటి ‘హాతిమ్‌తాయ్’ లాంటి చిత్రాలకు ఆ ఉర్దూ వాచకమే అక్కరకొచ్చింది. ఆయన్ని మరిచింది, నిజానికి, మనమే. రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టింది తెలంగాణ వచ్చాకే.